స్ఫటిక సరస్సులో చిల్లు రేకు

విభావరీ నగరానికి ఆమడ దూరంలో, గుగ్గిలపు చెట్ల అడవి కొండపాదాన్ని తాకే చోట, నల్లరాళ్ళ నడుమ ఒక ఊట ఉంది. ఎంత లోతో అంత తేట. వనదేవతలు ముఖాలు చూసుకోవడానికి భూమిలో పాతుకున్న నిలువుటద్దమా అనిపించే ఆ నీళ్ళలో, అడుగున పడిన ఆకు ఈనెలు కూడా పైకి కనిపిస్తాయి. లేత ఎండ గుగ్గిలపు పూల గుత్తుల మీద పడి, పుప్పొడిని బంగారు పొడిలా ఊట మీద చల్లుతోంది. అంత అందమైన చోట కూర్చుని ఇద్దరు మగవాళ్ళు ఒక ఇత్తడి కంచాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తున్నారు.

కంచం చెంచయ్యది. కత్తెర కూడా చెంచయ్యదే. ఒకప్పుడు ధనాగారాల తలుపు రేకులు కోయడానికి వాడిన కత్తెర అది. ముసలితనం వచ్చి దొంగతనం మానుకున్నాడు కానీ, దానిని మాత్రం మొలలోంచి తీయలేదు.

"బాబూ, ఆ కంచంలో నేను ముప్పొద్దులా తిన్నాను. కాస్త కనికరం ఉంచు" అన్నాడు దిగులుగా.

"కువలయ ప్రాణం దక్కితే బంగారు కంచం కొనిపెడతాను తాతా. నోరు మూసుకుని పట్టుకో" అన్నాడు శరభుడు.

శరభుడు అశ్వకూట దేశపు గుర్రాల వర్తకుడి కొడుకు. కిందటి వసంతంలో మహారాణి తారావళికి గుర్రాలు అమ్మడానికి విభావరికి వచ్చి, కోటలోని పూజామందిరంలో దీపాలు వెలిగించే కువలయను చూశాడు. గుర్రాలు అమ్ముడుపోయాయి. అతను మాత్రం తిరిగి వెళ్ళలేకపోయాడు. కార్తీకంలో పెళ్ళి అనుకున్నారు. కువలయకు తల్లిదండ్రులు లేరు, నా అన్నవాళ్ళు లేరు. కాబట్టి కాదనేవాళ్ళూ లేరని ఇద్దరూ మురిసిపోయారు.

ఆ అనాథతనమే మంత్రి వక్రాక్షుడికి అక్కరకొచ్చింది. అతను పదిమందిలో మంత్రి, చాటున మాంత్రికుడు. పూజామందిరంలోని నాగమణిని తానే కాజేసి, నేరాన్ని దీపాల పిల్ల మీదికి తోశాడు.

విభావరిలో పెద్ద నేరాలకు సాక్షులను పిలవరు, రేకును పిలుస్తారు. కోట వెనుక స్ఫటిక సరస్సు ఉంది. దాని అడుగున పెళ్ళిపీటంత తెల్లరాయి ఒకటి ఉంది. నిందితుల ఇంటివాళ్ళు తమ చేత్తో కత్తిరించిన ఇత్తడి రేకును, ఆ రాయికి సరిగ్గా పైన, పడవలోంచి నీళ్ళలో విడవాలి. రాయి మీద పడితే నిర్దోషి. రాయి తప్పితే నిందితుల కాళ్ళకు బండ కట్టి అదే సరస్సులో దించేస్తారు. రేకు చదునుగా ఉండాలి, అరచేతిని మించకూడదు. అంతకు మించి నియమం లేదు. ఎవరూ లేని అనాథలకు కోటవారే దయతో ఒక రేకు ఇస్తారు. నిండు చంద్రుడిలా గుండ్రంగా, నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది. అది తెల్లరాయి మీద పడగా చూసిన మనిషి విభావరిలో లేడు.

ఈ రోజు పొద్దు వాలకముందే కువలయకు రేకు తీర్పు. అందుకే చెంచయ్య కంచానికి ఆ గతి పట్టింది.

మొదట గుండ్రటి రేకును ఊటలో విడిచారు. కాసేపు ఒద్దికగానే దిగింది. అంతలో పక్కకు జారి, బోర్లాపడి, పిల్లిమొగ్గలు వేసుకుంటూ వెళ్ళి గట్టు కింద ఎక్కడో దూరింది.

"దీనికెవరో కల్లు పట్టించారు" అన్నాడు చెంచయ్య.

నాలుగు మూలల రేకు ఉయ్యాల ఊగుతూ దిగింది కానీ, ఊగినప్పుడల్లా ఇంకాస్త ఒకవైపుకే జరిగిపోయింది. మూడు మూలలది గిరికీలు కొట్టి తనకు తోచిన దిక్కుకు పోయింది. శరభుడు పళ్ళు కొరుక్కుంటూ నీళ్ళ మీద ఒంగి చూశాడు. రేకు జారినప్పుడల్లా నీళ్ళలోని పుప్పొడి దాని అంచు వెనక పెద్ద సుడిగా తిరుగుతోంది. ఆ సుడే రేకును వెనక్కి లాగి బోర్లా వేస్తోంది. ఈసారి రేకు అంచు చుట్టూ పూరేకల్లాంటి వంపులు కత్తిరించి విడిచాడు. ఒక్క పెద్ద సుడి పోయి చిన్న చిన్న సుడులు పుట్టాయి. ఊగడం తగ్గింది. కానీ చాలలేదు. రాయి ఉండవలసిన చోటికి మూరెడు ఎడంగా పడింది.

అలాంటిదే ఇంకొకటి కత్తిరించి, వెలుగుకు ఎత్తి చూస్తున్నాడో లేదో, పొదల్లో అల్లెతాడు మోగింది. చెంచయ్య ఎగిరి దూకి అతన్ని పక్కకు నెట్టాడు. బాణం రేకు నడిమధ్యను తొలుచుకుని వెళ్ళి వెనకనున్న చెట్టులో దిగబడింది. రేకు చేతిలోంచి ఎగిరి ఊటలో పడింది.

వక్రాక్షుడి మనుషులు పొదలు చీల్చుకుని వచ్చారు. శరభుడు కత్తి దూసేంతలో ఒకడు మీద పడ్డాడు. శరభుడు వాడిని భుజం మీదుగా ఊటలోకి విసిరాడు, రెండోవాడి డాలు మీద కాలుపెట్టి మూడోవాడి తలపాగా ఎగరగొట్టాడు. చెంచయ్య తాను చేతగాని ముసలివాణ్ణని ఏడుస్తూనే చెట్టు చాటున చేరి, దగ్గరకు వచ్చినవాడినల్లా కత్తెరతో పొడిచాడు. మిగిలినవాళ్ళు గుర్రాల కోసం పరుగు తీశారు.

"బాబూ, ఇటు చూడు!" చెంచయ్య నీళ్ళలోకి వేలు చూపించాడు.

బాణం తొలిచిన రేకు ఎక్కడ పడిందో సరిగ్గా దాని కిందే, ఊట అడుగున, వెల్లకిలా పడుకుని ఉంది. అంత పోట్లాటలోనూ అది వంకర పోలేదు. శరభుడు ఊటలోకి దూకి దానిని తెచ్చి మళ్ళీ విడిచాడు. రేకు చిన్నగా వణికింది, సర్దుకుంది, తిన్నగా దిగింది. కింది నీళ్ళు అంచుల కోసం వెతుక్కోకుండా నడిమి చిల్లులోంచే పైకి వచ్చేస్తున్నాయి. ఇక రేకు పక్కకు జారాల్సిన అవసరమే లేదు.

"చిల్లు రేకా? అపశకునం బాబూ! మా ఊళ్ళో చిల్లు గిన్నెలో బిచ్చం కూడా వెయ్యరు."

"అందుకే మీ ఊళ్ళో ఇన్నాళ్ళూ ఎవరూ బతికి బయటపడలేదు" అని శరభుడు ఆకురాయి తీసి చిల్లు అంచులను నున్నగా అరగదీశాడు. శత్రువు చేసిన మేలుకు మనసులోనే దండం పెట్టుకుని ఝంఝ మీదికి ఎక్కాడు. ఝంఝ అతని గుర్రం. పేరుకు తగ్గట్టు పెనుగాలి. చెంచయ్య వెనక ఎక్కి, కళ్ళు మూసుకుని, అతని నడుమును కరుచుకున్నాడు.

కొండ లోయ మీది తాళ్ళ వంతెన చేరేసరికి ఆకాశం ఎర్రబడింది. వక్రాక్షుడు మంత్రించి వదిలిన అగ్నిపక్షులు గుంపుగా వాలి వంతెన తాళ్ళను పొడుస్తున్నాయి. పొడిచిన చోటల్లా మంట లేస్తోంది. శరభుడు కళ్ళెం వదిలేసి గుర్రం మెడ మీద బోర్లా పడుకున్నాడు. ఝంఝ మండుతున్న పలకల మీద పరుగెత్తింది. సగం దాటేసరికి వెనక తాళ్ళు తెగాయి. కాళ్ళ కింద పలకలు జారిపోతుండగా అది ఒక్క దూకు దూకి అవతలి బండను ముందు గిట్టలతో పట్టింది. రాళ్ళు రాలాయి, చెంచయ్య ఇష్టదైవాలందరినీ పేరుపేరునా తలచుకున్నాడు, గుర్రం పైకి వచ్చింది.

నగర ద్వారం దగ్గర ఒక మూలికల వ్యాపారీ, అతని ముసలి తండ్రీ దగ్గుకుంటూ లోపలికి వెళ్ళారు. ద్వారపాలకుడికి నడుము నొప్పి ఉందట. శరభుడు అతని చేతిలో ఏదో వేరు పెట్టి, నూరి పట్టు వెయ్యమని చెప్పాడు. దానివల్ల గుణమిచ్చిందో లేదో నాకు తెలియదు.

స్ఫటిక సరస్సు ఒడ్డు జనంతో నిండిపోయింది. చలువరాతి మెట్ల మీద తెల్ల గొడుగు కింద మహారాణి తారావళి కూర్చుని ఉంది. పక్కనే పట్టు ఉత్తరీయంతో వక్రాక్షుడు. వాలుటెండలో సరస్సు ఇంద్రనీలపు పలకలా మెరుస్తోంది. నీళ్ళలోకి పొడుచుకువచ్చిన చెక్క వేదిక మీద కువలయ నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టారు. కాళ్ళ దగ్గర బండ సిద్ధంగా ఉంది. 

సరస్సుకు కాపరి ఏకవేణి అనే ముసలమ్మ. నెరిసిన ఒంటి జడ, చేతిలో తెడ్డు. ఆమె గొంతెత్తి పిలిచింది. "ఈ పిల్లకు నా అనేవాళ్ళు ఉంటే రేకు తీసుకుని రండి!"

"నేనున్నాను!" శరభుడు మూలికల సంచి విసిరేసి జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. "నేను ఆమెకు కాబోయే భర్తను. రేకు నా చేత్తో కత్తిరించాను."

కువలయ తలెత్తింది. దుమ్ము కొట్టుకుపోయిన ఆ మొహాన్ని గుర్తుపట్టి, అంత ఆపదలోనూ నవ్వింది. ఆ నవ్వు చూసి శరభుడు గండం గడిచిపోయిందనే అనుకున్నాడు.

ఏకవేణి మాత్రం తెడ్డు అడ్డం పెట్టింది. "ఆగు నాయనా. నీ రేకు చెల్లదు."

"ఎందుకు చెల్లదు? మా అశ్వకూటంలో తాంబూలం పుచ్చుకున్న రోజే పిల్ల ఆ ఇంటిదవుతుంది."

"మీ అశ్వకూటం సంగతి నాకెందుకు? ఈ సరస్సు పెళ్ళిళ్ళను ఎరగదు. మొగుడి రేకు చెల్లదు, పెళ్ళాం రేకు చెల్లదు. మోహం ఉన్నచోట చెయ్యి వణుకుతుందని పెద్దలు అలా కట్టడి చేశారు. కన్నవాళ్ళు కావాలి, లేకపోతే తోడబుట్టినవాళ్ళు కావాలి."

శరభుడు చెంచయ్య వైపు తిరిగాడు. "నాకేం తెలుసు బాబూ, నేను దొంగను. తీర్పులు జరిగే చోటికి ఎప్పుడైనా వెళ్ళానా?" అని చెంచయ్య నెత్తి కొట్టుకున్నాడు.

మెట్ల మీద వక్రాక్షుడు చిరునవ్వుతో కోట రేకును పళ్ళెంలో పెట్టించాడు. గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది అది.

"అమ్మా, మరే దారీ లేదా?" అని శరభుడు బతిమాలాడు.

ఏకవేణి అతన్ని జాలిగా చూసింది. "నీటితోడు అని ఒకటుంది. ఎవరైనా సరే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఈమె నాకు చెల్లెలు అని ఒట్టు పెట్టుకోవచ్చు. సరస్సుకు పాత సంగతులతో పని లేదు. నిన్నటిదాకా నువ్వు ఆమెకు ఏమైనా కావచ్చు. ఇకమీదట మాత్రం అన్నవే. పుట్టింటి చీరా, పసుపుకుంకుమా నువ్వే పెట్టాలి. ఎప్పుడైనా ఆ మాట తప్పావా, నువ్వు బాగానే ఉంటావు. ఆ పిల్ల నీరై వచ్చి ఈ సరస్సులో కలిసిపోతుంది. అలా కలిసిపోయినవాళ్ళను నేను కళ్ళారా చూశాను నాయనా. ఆలోచించుకో."

శరభుడికి ఆలోచించే అలవాటు తక్కువ. కార్తీకం గుర్తొచ్చింది. ఆమె కోసం అశ్వకూటంలో తల్లి నేయిస్తున్న పసుపు చీర గుర్తొచ్చింది. ఒక్క క్షణం అతనికి ఆ రేకును విసిరికొట్టి ఏడవాలనిపించింది. తర్వాత చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాడు.

"ఈ నీళ్ళ సాక్షిగా, కువలయ నాకు చెల్లెలు. ఇకమీదట నాకు ఆమె ఇంకేమీ కాదు."

 ఏకవేణి వేదిక వైపు తిరిగింది. "అమ్మాయీ, నువ్వు అతన్ని అన్న అని పిలిస్తేనే ఒట్టు నిలుస్తుంది."

కువలయ మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. "పిలవను" అంది. "నాకు అన్న అక్కర్లేదు. ఆ కోట రేకే వెయ్యండి."

"విన్నారా! నేరం చేసింది కాబట్టే చావుకు తెగించింది" అన్నాడు వక్రాక్షుడు.

శరభుడు వేదిక దగ్గరకు నడిచాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. తలెత్తి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "కువలయా, కార్తీకం ఎలాగూ పోయింది. నువ్వూ పోతే నాకేం మిగులుతుంది చెప్పు? ఎక్కడో ఒకచోట నువ్వు దీపం పెడుతున్నావని తెలిస్తే చాలు, బతికేస్తాను. నీకు దండం పెడతాను, పిలు."

"నువ్వు బతికేస్తావు. మరి నేను?"

అతను చేతులు జోడించాడు. నీళ్ళలో నిలబడి అలా చేతులు జోడించిన మనిషిని చూడలేక ఆమె కళ్ళు మూసుకుంది. 

"అన్నయ్యా" అంది.

శరభుడు పడవ ఎక్కాడు. ఏకవేణి తెడ్డు వేసి తెల్లరాయి పైకి తీసుకువెళ్ళింది. అతను రేకును పైకెత్తి చూపించగానే ఒడ్డంతా గగ్గోలు పుట్టింది. "చిల్లు రేకు! చిల్లు పెట్టాడు!" అంటూ ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. వక్రాక్షుడికి పట్టరాని సంతోషం వచ్చింది. "వెయ్యనివ్వండి మహారాణీ, చిల్లు వద్దని నియమమేమీ లేదుగా" అన్నాడు.

శరభుడు రెండు చేతులతో రేకును నీళ్ళ మీద చదునుగా ఆన్చి వదిలాడు. మోహం ఉన్న చెయ్యి వణుకుతుందట. అతని చెయ్యి వణకలేదు.

రేకు దిగింది. నీలిరంగు నీళ్ళలో పసుపుపచ్చని పువ్వొకటి మునుగుతున్నట్టు నిదానంగా దిగింది. ఒకసారి ఇటు ఒరిగింది, చిల్లులోంచి సన్నని బుడగ వదిలి సర్దుకుంది. మళ్ళీ అటు ఒరిగింది, మళ్ళీ సర్దుకుంది. వక్రాక్షుడి నవ్వు మాయమైంది. అతను ఉత్తరీయం చాటున చెయ్యి పెట్టి చిటికెడు బూడిద తీసి నీళ్ళలోకి ఊదాడు. సరస్సు నడుమ సుడి లేచింది. పడవ గిర్రున తిరిగింది. కువలయ కేక వేసింది. సుడిలో చిక్కుకున్న రేకు కంపించిపోయింది, ఒక పక్కకు పూర్తిగా వాలిపోయింది. పూరేకల అంచు దగ్గర సుడి తునకలైంది, మిగిలిన నీరు చిల్లులోంచి పైకి చిమ్మింది. రేకు వెల్లకిలా తిరిగి, తెల్లరాయి నడిమధ్యన వాలింది.

జనం పెట్టిన కేకలకు కోట పావురాలన్నీ లేచిపోయాయి. ఏకవేణి కువలయ కట్లు తెంచింది. మహారాణి తారావళి మాత్రం సరస్సు వైపు చూడడం లేదు. మంత్రి వేళ్ళకు అంటిన బూడిద వైపు చూస్తోంది.

"పట్టుకోండి వాణ్ణి!" అని అరిచింది.

భటులు కదిలేలోపే వక్రాక్షుడు ఉత్తరీయం విదిలించాడు. అది రెక్కలైంది. చూస్తుండగానే మంత్రి నల్లటి రాబందుగా మారి గాలిలోకి లేచాడు. కాలి గోళ్ళ మధ్య నాగమణి నిప్పుకణికలా వెలిగింది. సరస్సు మీద ఒక చుట్టు తిరిగి పైనుంచి కేక వేశాడు. "మహారాణీ! ఈ అన్నగారిని ఒక్క మాట అడుగు. ఆమె నీకు ఏమవుతుందని అడుగు. నిజం చెప్పమను!"

అందరూ శరభుడి వైపు తిరిగారు.  నిజం గొంతు దాకా వచ్చి నిలబడింది. వేదిక మీద కువలయ వేళ్ళ కొసలు గాజులా పారదర్శకమయ్యాయి. చుక్క చుక్కగా నీళ్ళు కారడం మొదలైంది. ఆమె ఆ వేళ్ళను చూసుకోలేదు, అతన్నే చూస్తోంది. ఏం చెప్పినా సరేనన్నట్టు చూస్తోంది.

"చెల్లెలు!" శరభుడు గొంతు చించుకుని అరిచాడు. "నా చెల్లెలు! ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట!"

కారుతున్న చుక్కలు ఆగిపోయాయి. వేళ్ళకు మళ్ళీ రక్తం వచ్చింది. రాబందు కర్ణకఠోరంగా అరిచి, దక్షిణాన పొగలు కక్కే గంధకపు కొండల వైపు రెక్కలు సాచింది.

"ఆ మణి లేకపోతే ఈ ఏడు వాన చినుకు రాలదు" అంది మహారాణి. "ఎవరు వెళతారు?"

"నేను వెళతాను" అన్నాడు శరభుడు. వీరత్వం కొద్దీ అనలేదు. ఆ ఊళ్ళో ఇంక ఒక్క క్షణం కూడా నిలవలేక అన్నాడు. ఝంఝ కళ్ళెం పట్టుకుని చెంచయ్య అప్పటికే మెట్ల దగ్గర నిలబడ్డాడు. 

"దూరప్రయాణం వెళుతున్నావు. చెల్లెలిని దీవించి వెళ్ళు" అంది మహారాణి చల్లగా. ఒట్టుతోనే పాత సంగతంతా చెరిగిపోయిందని ఆ తల్లి నమ్మకం.

కువలయ వచ్చింది. ఎవరో ఇచ్చిన కుంకుమ భరిణెలోంచి అతని నుదుట బొట్టు పెట్టింది. వేలు ఇంకా తడిగానే ఉంది. తర్వాత ఒంగి అతని పాదాలకు మొక్కింది. పెళ్ళికాని చెల్లెలు మొక్కితే అన్న ఏమని దీవించాలో లోకమంతటికీ తెలుసు. జనం ఆ మాట కోసం ఎదురుచూస్తున్నారు. శరభుడు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ జుట్టును అతను అంతకుముందు ఎన్నడూ తాకలేదు.

"శీఘ్రమేవ కల్యాణ ప్రాప్తిరస్తు" అన్నాడు.

ఒడ్డు మీది జనమంతా సంతోషంగా "తథాస్తు" అన్నారు.